మధ్యయుగ చారిత్రక అపరాధ పరిశోధక నవలలో సహచరపాత్ర: శ్రీకూర్మం శాసనాల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

అపరాధ పరిశోధక సాహిత్యంలో పరిశోధకుని సహచరుడు సాధారణంగా శ్రోతగా, కథకునిగా గుర్తింపు పొందాడు. కథాకాలం మధ్యయుగానికి మారినప్పుడు ఈ పాత్ర స్వభావం మారుతుంది. పోలీసు వ్యవస్థ, ప్రయోగశాల, వార్తాపత్రిక లేని కాలంలో పరిశోధకునికి లేని అధికారాన్ని, లేఖనాన్ని, పరభాషా పరధర్మ జ్ఞానాన్ని సహచరుడే సమకూరుస్తాడు. ఎలిస్ పీటర్స్ సృష్టించిన హ్యూ బెరింగర్ పాత్రను ప్రధానంగా తీసుకొని, ఇతర రచయితల సహచరపాత్రలతోను, తెలుగులోని సమీప ఉదాహరణలతోను పోల్చి ఈ మార్పును వివరించడం ఈ వ్యాస లక్ష్యం. తెలుగునేలపై ఇటువంటి పాత్రకు చారిత్రక ఆధారం ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్నకు శ్రీకూర్మం శాసనాలు ఇవ్వగల సమాధానాన్ని చివరి భాగం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అపరాధ పరిశోధక నవల, చారిత్రక నవల, సహచరపాత్ర, హ్యూ బెరింగర్, ప్రతాపరుద్రీయం, శ్రీకూర్మం, నరహరితీర్థులు, అంక సంవత్సరాలు.

1. ఉపోద్ఘాతం

తెలుగులో చారిత్రక నవలకు, అపరాధ పరిశోధక నవలకు రెండింటికీ విస్తారమైన పాఠకలోకం ఉంది. అడివి బాపిరాజు 'గోన గన్నారెడ్డి', నోరి నరసింహశాస్త్రి 'రుద్రమదేవి' మధ్యయుగ ఆంధ్రదేశాన్ని పాఠకుల ముందుంచాయి. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంటు రాజు కొన్ని దశాబ్దాలపాటు ఇంటింటా పరిచితులయ్యారు. అయితే ఈ రెండు ధారలూ చాలావరకు వేర్వేరుగానే ప్రవహించాయి. విశ్వవిద్యాలయ పరిశోధనలో మొదటి ధారకు దొరికిన స్థానం రెండవ ధారకు దొరకలేదు. ఫలితంగా రెండింటి సంగమస్థానంలో ఉన్న మధ్యయుగ అపరాధ పరిశోధక నవల అనే ప్రక్రియ మీద తెలుగులో చర్చ తక్కువగా జరిగింది.

ఈ ప్రక్రియను అర్థం చేసుకోవడానికి సహచరపాత్ర అనువైన ప్రవేశద్వారం. పరిశోధకుడు తన కాలాన్ని కొంతవరకు మించినవాడు. తర్కాన్ని నమ్ముతాడు, పుకార్లను ప్రశ్నిస్తాడు, కనిపించని కారణాలను వెదకుతాడు. అందువల్ల అతనిలో ఆధునికుని పోలిక కొంత తప్పదు. సహచరుడు మాత్రం ఆ కాలపు కొలువులో, చట్టంలో, విశ్వాసంలో నిలబడినవాడు. ఒక నవలలోని మధ్యయుగం ఎంత నిజమైనదో తెలుసుకోవాలంటే పరిశోధకునికన్నా సహచరుణ్ణి పరీక్షించడమే మేలు.

2. శ్రోత నుంచి భాగస్వామి వరకు

ఎడ్గార్ అలెన్ పో 1841లో ప్రకటించిన కథలో డూపెన్ పక్కన పేరులేని మిత్రుడు ఒకడు కథ చెబుతాడు. ఆర్థర్ కానన్ డాయల్ 1887లో షెర్లాక్ హోమ్స్‌ను ప్రవేశపెట్టినప్పుడు ఆ మిత్రునికి డాక్టర్ వాట్సన్ అనే పేరు, వృత్తి, గతం లభించాయి. వాట్సన్ చేసే పనులు ప్రధానంగా మూడు: పాఠకుని పక్షాన ప్రశ్నలు అడగడం, పరిశోధకుని ఆలోచనను చివరి వరకు మరుగున ఉంచడం, జరిగినదాన్ని గ్రంథస్థం చేయడం. 1929లో రోనాల్డ్ నాక్స్ రూపొందించిన పది నియమాల్లో ఒకటి ఈ సహచరుని తెలివితేటల గురించే. అతని తెలివి సగటు పాఠకునికన్నా కాస్త తక్కువగా ఉండాలని, అతని మనసులోని మాటలేవీ దాచరాదని ఆ నియమం.

భారతీయ భాషల్లో ఈ నమూనాకు ప్రసిద్ధమైన ఉదాహరణ బెంగాలీ రచయిత శరదిందు బందోపాధ్యాయ 1932 నుంచి రాసిన బ్యోమకేశ్ కథలు. వాటిలో అజిత్ అనే రచయిత మిత్రునిగా, కథకునిగా కనిపిస్తాడు. అదే శరదిందు చారిత్రక నవలలు కూడా రాశారు. రెండవ దేవరాయల కాలపు విజయనగరం నేపథ్యంగా, కళింగ రాకుమారి ప్రయాణంతో మొదలయ్యే 'తుంగభద్రార్ తీరే' వాటిలో ఒకటి. రెండు ప్రక్రియల్లోనూ సిద్ధహస్తుడైన రచయిత సైతం వాటిని వేర్వేరుగా ఉంచడం గమనార్హం. దీన్ని బట్టి ఈ విభజన తెలుగుకు మాత్రమే పరిమితమైనది కాదని తెలుస్తుంది.

ఇంగ్లీషులో రెండింటినీ కలిపి విశేష ప్రాచుర్యం తెచ్చిన రచయిత్రి ఎలిస్ పీటర్స్. ఇది ఈడిత్ పార్జెటర్ (1913–1995) కలంపేరు. ఆమె 1977 నుంచి 1994 వరకు బ్రదర్ క్యాడ్‌ఫెల్ ప్రధానపాత్రగా 20 నవలలు రాశారు. ఇంగ్లండులోని ష్రూస్‌బరీ పట్టణంలో బెనెడిక్టైన్ మఠం, 12వ శతాబ్దపు అంతర్యుద్ధం, మూలికల తోట వీటికి రంగస్థలం. ఈ నవలల్లో సహచరుడైన హ్యూ బెరింగర్ కథకుడు కాడు. తెలివిలో పరిశోధకునికి తీసిపోయేవాడూ కాడు. నాక్స్ నియమం ఇక్కడ పూర్తిగా తలకిందులైంది.

3. హ్యూ బెరింగర్: అధికారం గల మిత్రుడు

హ్యూ ప్రవేశించేది 1979లో వెలువడిన రెండవ నవల 'వన్ కార్ప్స్ టూ మెనీ'లో. కథాకాలం 1138. స్టీఫెన్ రాజు ష్రూస్‌బరీ కోటను పట్టుకొని, లొంగిన రక్షకుల్లో 94 మందిని ఉరితీయిస్తాడు. అంత్యక్రియల కోసం శవాలను సిద్ధం చేయడానికి వెళ్ళిన క్యాడ్‌ఫెల్ లెక్కపెడితే 95 తేలతాయి. రాజాజ్ఞతో జరిగిన సంహారం మాటున ఎవరో ఒక హత్యను దాచారు.

ఈ నవలలో హ్యూ తొలుత మిత్రుడు కాడు. రాజుకు కొత్తగా విధేయత ప్రకటించడానికి వచ్చిన యువకుడు. అతనికి బాల్యంలో నిశ్చయించిన వధువు గోడిత్, ప్రత్యర్థి పక్షానికి చెందినవాని కూతురు. ఆమెను వెదకి అప్పగిస్తే రాజు నమ్మకం దక్కుతుంది. ఆమె మగపిల్లవాడి వేషంలో క్యాడ్‌ఫెల్ తోటలోనే పనిచేస్తూ ఉంటుంది. ఇద్దరు చతురులు ఒకరినొకరు గమనిస్తూ, ఎత్తుకు పైఎత్తు వేసుకుంటూ సాగే కథ ఇది. పాఠకుడు హ్యూను చాలాసేపు అనుమానిస్తాడు. సహచరుడు కాబోయేవాణ్ణి అనుమానితునిగా ప్రవేశపెట్టడం వల్ల వారి స్నేహం పరీక్షకు నిలిచి సంపాదించుకున్నదిగా రూపొందింది.

ముగింపు ఘట్టం సహచరపాత్ర కొత్త స్వరూపాన్ని స్పష్టం చేస్తుంది. క్యాడ్‌ఫెల్ ఆధారాలు సేకరించి హంతకుణ్ణి గుర్తిస్తాడు. ఆధునిక కథలో అయితే కథ అక్కడితో ముగియాలి. నార్మన్ ఇంగ్లండులో నిందితుడు నేరాన్ని నిరాకరించినప్పుడు ద్వంద్వయుద్ధం కూడా న్యాయనిర్ణయ మార్గమే. సన్న్యాసి అయిన క్యాడ్‌ఫెల్ కత్తి పట్టలేడు. అతని తర్కాన్ని నమ్మి హ్యూ బరిలోకి దిగుతాడు. పరిశోధకుని ఊహ తప్పయితే ప్రాణం పోయేది సహచరునికే. వాట్సన్ తన మిత్రుని నిర్ధారణను విని ఆశ్చర్యపోతాడు. హ్యూ అదే నిర్ధారణకు తన దేహాన్ని పూచీగా పెడతాడు. మధ్యయుగ న్యాయవ్యవస్థ ఈ నవలలో వర్ణనగా కాక, పాత్రల మధ్య బాధ్యతగా ప్రవేశించిందని దీనివల్ల గ్రహించవచ్చు.

తరువాతి నవలల్లో హ్యూ ఉపషెరీఫ్ అవుతాడు. పై అధికారి గిల్బర్ట్ ప్రెస్ట్‌కోట్ మరణానంతరం షెరీఫ్ బాధ్యతలు చేపడతాడు. అతని కుమారునికి క్యాడ్‌ఫెల్ జ్ఞానపిత. స్నేహం బంధుత్వంగా మారినా ఇద్దరి కర్తవ్యాలు ఒకటి కావు. హ్యూ రాజన్యాయానికి జవాబుదారీ, క్యాడ్‌ఫెల్ తన అంతరాత్మకు, దైవానికి జవాబుదారీ. 'మాంక్స్‌హుడ్' (1980) నవలలో నిరపరాధిని కాపాడడానికి అవసరమైన నేరాంగీకారాన్ని రాబట్టిన తరువాత, క్యాడ్‌ఫెల్ హంతకుణ్ణి జీవితకాల ప్రాయశ్చిత్తం విధించి విడిచిపెడతాడు. ఇటువంటి సందర్భాల్లో హ్యూకు ఎంత చెప్పాలి, ఎంత చెప్పకూడదు అన్నది క్యాడ్‌ఫెల్‌కు నైతిక సమస్య. చెబితే మిత్రుడు చట్టప్రకారం నడుచుకోవాలి, చెప్పకపోతే స్నేహంలో లోపం. హ్యూ కూడా కొన్నిసార్లు అడగవలసిన ప్రశ్న అడగక ఊరుకుంటాడు. ఈ మౌనమే వారి స్నేహానికి బలం.

అంతర్యుద్ధం ఈ సంబంధాన్ని మరింత క్లిష్టం చేస్తుంది. హ్యూ స్టీఫెన్ పక్షం. క్యాడ్‌ఫెల్ కుమారుడని తరువాత తెలిసే ఒలివియర్, మాడ్ మహారాణి పక్షం. సహచరునికి విధేయత, కుమారునిపై వాత్సల్యం ఎదురెదురుగా నిలిచే స్థితిని రచయిత్రి కల్పించారు. కాబట్టి హ్యూ పాత్రను తొలగిస్తే ఈ నవలల్లో రాజకీయ చరిత్రే తెర వెనక్కు పోతుంది.

4. ఇతర నమూనాలు

4.1 లేఖకుడు. ఉంబెర్తో ఎకో 'ది నేమ్ ఆఫ్ ది రోజ్' (1980)లో కథాకాలం 1327 నవంబరు. విలియం ఆఫ్ బాస్కర్‌విల్ అనే ఫ్రాన్సిస్కన్ వెంట అడ్సో అనే యువశిష్యుడు ఉంటాడు. ఊరి పేరులో హోమ్స్, శిష్యుని పేరులో వాట్సన్ ధ్వనించడం యాదృచ్ఛికం కాదు. అడ్సో యవ్వనంలో చూసినదాన్ని వార్ధక్యంలో రాస్తాడు. అతడు అన్యమనస్కంగా పలికిన తప్పుల లాటిన్ ముక్క విలియంకు గ్రంథాలయ రహస్యద్వారాన్ని తెరిచే కీలకమవుతుంది. గ్రంథాలయం దగ్ధమైన ఏళ్ళ తరువాత శిథిలాల్లోంచి కాలిన పుటలను ఏరుకున్నవాడూ అతడే. సత్యాన్ని కనుగొన్నది గురువు, దాన్ని మిగిల్చినది శిష్యుడు.

4.2 పరధర్మజ్ఞుడు. పీటర్ ట్రెమేన్ 1994లో ప్రారంభించిన సిస్టర్ ఫిడెల్మా నవలల్లో కథాకాలం 7వ శతాబ్దం. ఫిడెల్మా ఐర్లండు బ్రెహన్ న్యాయశాస్త్రంలో నిష్ణాతురాలు. ఎడల్ఫ్ సాక్సన్ మతాచార్యుడు, తన ప్రాంతంలో వంశపారంపర్య న్యాయాధికారి. 664 నాటి విట్బీ మతసభలో హత్య జరిగినప్పుడు, రెండు వర్గాలకూ పక్షపాతపు అనుమానం రాకుండా ఇద్దరినీ కలిపి విచారణకు నియమిస్తారు. ఇక్కడ సహచరుడు నిష్పాక్షికతకు హామీ. అతనికి తెలియని చట్టాన్ని అడిగి తెలుసుకోవడం వల్ల పాఠకునికి ప్రాచీన ఐరిష్ న్యాయం సహజంగా పరిచయమవుతుంది.

4.3 సేవకుడు. రాబర్ట్ వాన్ గూలిక్ (1910–1967) టాంగ్ వంశకాలపు చైనా నేపథ్యంగా న్యాయాధికారి డీ నవలలు రాశారు. అధికారం ఇక్కడ పరిశోధకునిదే. అందుచేత సహచరులు కింది లోకం నుంచి వస్తారు. హూంగ్ లియాంగ్ వంశానికి నమ్మిన వృద్ధ సేవకుడు, మా జూంగ్ పూర్వం దారిదోపిడీ చేసినవాడు. సత్రాలు, రేవులు, సంతలు న్యాయాధికారికి అందని చోట్లు. వాటిలోకి వీరు చొరబడతారు. 'ది చైనీస్ నెయిల్ మర్డర్స్' (1961)లో హూంగ్ హతుడవుతాడు. సహచరుడు ఎప్పుడూ క్షేమంగా ఇల్లు చేరతాడన్న పాఠకుని ధీమాను ఆ ఘట్టం భంగపరుస్తుంది.

ఈ నమూనాలన్నిటిలో ఒక సామాన్యసూత్రం కనిపిస్తుంది. పరిశోధకునికి ఏది లేదో అదే సహచరునికి ఉంటుంది. సన్న్యాసికి దండనాధికారం లేదు కనుక మిత్రుడు షెరీఫ్. తార్కికునికి వార్ధక్యం వరకు నిలిచే జ్ఞాపకం కావాలి కనుక శిష్యుడు లేఖకుడు. న్యాయాధికారికి వీధి తెలియదు కనుక అనుచరుడు మాజీ దొంగ.

5. తెలుగులో సమీప ఉదాహరణలు

సంస్కృత నాటక సంప్రదాయంలో నాయకునికి విదూషకుడు, పీఠమర్దుడు వంటి సహాయకులు శాస్త్రసమ్మతంగానే ఉన్నారు. ఉదయనుని కథలో బందీ అయిన రాజును విడిపించడానికి మంత్రి యౌగంధరాయణుడు వేషం మారుస్తాడు, విదూషకుడు వసంతకుడు అతనికి తోడుగా వెళతాడు. విశాఖదత్తుని 'ముద్రారాక్షసం'లో ఉంగరం, లేఖ, గూఢచారులు కథను నడిపిస్తాయి. ఆధారవస్తువుల మీద, వాటి అన్వయం మీద ఆధారపడిన కథనం భారతీయ సాహిత్యానికి పరాయిది కాదు.

తెలుగులో మధ్యయుగ నేపథ్యంతో ఈ మార్గానికి అత్యంత సమీపంగా వచ్చిన రచన వేదం వేంకటరాయశాస్త్రి 'ప్రతాపరుద్రీయం' నాటకం (1897). ఢిల్లీ సుల్తాను చెరలో ఉన్న కాకతీయ ప్రతాపరుద్రుణ్ణి మంత్రి యుగంధరుడు పిచ్చివాని వేషంలో వెళ్ళి విడిపిస్తాడు. ఉదయనుని కథతో దీని పోలిక స్పష్టం. అయితే భాసుని నాటకాలు తిరువనంతపురం నుంచి ముద్రితం కావడం 1912లో మొదలైంది కనుక, ఆ పోలికను 'కథాసరిత్సాగరం' వంటి కథాసంప్రదాయంతో అనుసంధించడం సమంజసం.

సహచరపాత్ర దృష్టితో ఈ నాటకంలో ముఖ్యుడు చాకలి పేరిగాడు. రాజు పోలికలున్న ఇతనిని మంత్రి తన పథకంలో వాడుకుంటాడు. పాత్రోచితభాషను పాటించిన వేంకటరాయశాస్త్రి ఇతని నోట గ్రామ్యాన్ని పలికించారు. సహచరుడు వేరొక సామాజిక స్థాయి నుంచి, వేరొక భాషతో రావాలన్న అంశం ఇక్కడ సిద్ధించింది. పేరిగాని వల్ల నాటకంలో హాస్యం పండుతుంది. దానితోపాటు, రాజు ప్రాణానికి బదులుగా ఒక సామాన్యుని ప్రాణం పణంగా పెట్టవచ్చునా అన్న ప్రశ్న కూడా అతని ఉనికిలోనే ఉంది. బరిలోకి దిగిన హ్యూ ఆ నిర్ణయం తానే చేసుకున్నాడు. పేరిగానిది మంత్రి పథకంలో భాగం. ఈ భేదాన్ని ప్రధానవస్తువుగా స్వీకరించిన చారిత్రక నవల రాదగినది.

కొమ్మూరి నవలల్లోని రాజు ఆధునిక నగరానికి చెందిన సహచరుడు. వెంబడించడం, సమాచారం సేకరించడం, ఆపదలో చిక్కుకోవడం అతని పనులు. పోలీసు శాఖ, టెలిఫోను, కారు ఉన్న లోకంలో సహచరుడు ఒక వ్యవస్థకు ప్రతినిధి కానవసరం లేదు, చురుకైన యువకుడైతే చాలు. కథను 13వ శతాబ్దానికి మార్చితే రాజు వంటి పాత్ర సరిపోదు. అప్పుడు ఎవరు కావాలన్నదే ప్రశ్న.

6. శ్రీకూర్మం: సహచరునికి ఒక చారిత్రక స్థానం

శ్రీకాకుళం జిల్లా గార మండలంలోని శ్రీకూర్మం ఈ ప్రశ్నకు తగిన పరీక్షాస్థలం. విష్ణువు కూర్మావతారంగా పూజలందుకునే ఈ ఆలయం మండప స్తంభాలు శాసనాలతో నిండి ఉన్నాయి. దక్షిణ భారత శాసనాల 5వ సంపుటిలో వీటి పాఠాలు ప్రకటితమయ్యాయి. సంస్కృత శ్లోకం, దాని వెంట తెలుగు వచనం ఉన్న దానశాసనాలు వీటిలో కనిపిస్తాయి. అఖండదీపానికి, నైవేద్యానికి, పూలమాలలకు దాతలు ఇచ్చిన మాడలు, ఆవులు, భూములు వీటిలో నమోదయ్యాయి. ఎవరు ఇచ్చారు, ఎంత ఇచ్చారు, దానితో ఏది ఎంతకాలం జరగాలి అన్న వివరాలన్నీ రాతిమీద ఉన్నాయి.

ఇక్కడి శాసనాల్లో శకం 1203, అంటే క్రీ.శ. 1281 నాటి నరహరితీర్థుల సంస్కృత శాసనం విశిష్టమైనది. ఆనందతీర్థుల, అనగా మధ్వాచార్యుల శిష్యుడైన ఈ యతి కళింగదేశ పాలనా బాధ్యత వహించాడని, శబరుల దాడి నుంచి శ్రీకూర్మాన్ని కాపాడాడని, ఇక్కడ యోగానంద నరసింహునికి ఆలయం కట్టించాడని అది తెలియజేస్తుంది. పాలన ముగిసిన తరువాత రాజభాండారంలోని సీతారామ విగ్రహాలను ఆయన గురువుకు చేర్చాడని మాధ్వ సంప్రదాయం చెబుతుంది.

సహచరపాత్ర చర్చలో ఈ వివరాలకు ప్రాధాన్యం ఉంది. ష్రూస్‌బరీలో సన్న్యాసి ఒకరు, అధికారి మరొకరు. కత్తి పట్టే బాధ్యత హ్యూది, పట్టకుండా ఆలోచించే బాధ్యత క్యాడ్‌ఫెల్‌ది. శ్రీకూర్మంలో ఈ రెండు బాధ్యతలూ నరహరితీర్థులనే ఒక్క వ్యక్తిలో కలిశాయి. ఇంగ్లీషు నమూనాను యథాతథంగా దిగుమతి చేసుకొని, ఒక యతిని పరిశోధకునిగా, ఒక సేనానిని మిత్రునిగా పెట్టిన నవల ఈ చారిత్రక విశేషాన్ని కోల్పోతుంది. సామాన్యసూత్రాన్ని అనుసరిస్తే ఇక్కడ అడగవలసినది వేరు: యతిత్వం, అధికారం రెండూ ఉన్నవానికి లేనిదేమిటి?

అతనికి లేనిది ఊరి స్థాయి వివరజ్ఞానం. పాలనా బాధ్యతలో ఉన్న యతికి, కళింగసీమలోని ఊళ్ళ హద్దులు, దేవాలయపు లెక్కలు, తరతరాల తగవులు తెలిసిన మనిషి కావాలి. అటువంటి జ్ఞానం కరణానికి ఉంటుంది, అఖండదీపానికి నెయ్యి సమకూర్చే బాధ్యత గల ఆవులకాపరికి ఉంటుంది, శాసనం చెక్కే శిల్పికి ఉంటుంది. శాసనాల్లో దాతల పేర్లు ప్రముఖంగా ఉంటాయి, వీరి పేర్లు అరుదుగా వినిపిస్తాయి. నవలాకారుని కల్పనకు చరిత్ర విడిచిన చోటు ఇదే.

ఒక ఉదాహరణతో దీనిని స్పష్టం చేయవచ్చు. గంగరాజుల కాలం నుంచి కళింగ, ఒడిశా ప్రాంతాల్లో రాజ్యసంవత్సరాలను అంక పద్ధతిలో లెక్కించడం వాడుకలో ఉంది. ఈ పద్ధతిలో 1వ అంకం ఉండదు. 6తో ముగిసే అంకాలను, 10 మినహా సున్నతో ముగిసే అంకాలను వదిలివేస్తారు. అందువల్ల 21వ అంకమంటే వాస్తవంగా రాజు ఏలుబడిలో 17వ సంవత్సరం. 20వ అంకం అనే సంవత్సరమే ఉండదు. ఒక దానపత్రం మీద 20వ అంకమని ఉంటే, అది ఈ లెక్క తెలియనివాడు సృష్టించిన దొంగపత్రమని స్థానిక కరణం చూడగానే గుర్తిస్తాడు. బయటినుంచి వచ్చిన పండితుడు, ఎంత తార్కికుడైనా, దానిని దాటిపోవచ్చు. ఇటువంటి ఘట్టంలో సహచరుడు పరిశోధకుని ప్రతిభకు ఆశ్చర్యపోయే శ్రోత కాడు. రహస్యం విడేదే అతని వృత్తిజ్ఞానం వల్ల. ఆ జ్ఞానం మధ్యయుగ కళింగానికి మాత్రమే చెందినది కనుక కథను మరొక దేశకాలాలకు మార్చడం సాధ్యం కాదు.

ఇక్కడే నైతిక సంఘర్షణకూ ఆస్కారం ఉంది. కరణం దేవాలయం మీద, పాలకుని మీద ఆధారపడి బతికేవాడు. దొంగపత్రం వల్ల లాభపడినది బలవంతుడైతే నిజం చెప్పడం అతని కుటుంబానికే ముప్పు. నిజం బయటపడిన తరువాత యతి మరొక క్షేత్రానికి వెళ్ళిపోగలడు, కరణం ఆ ఊళ్ళోనే మిగలాలి. హ్యూ ద్వంద్వయుద్ధంలో పెట్టిన పణం వంటిదే ఇతడు తన మాటతో పెడతాడు. శాసనాలను వాతావరణ కల్పనకు మాత్రమే వాడే నవలకు, వాటి వెనుక ఉన్న మనుషుల బాధ్యతను గుర్తించే నవలకు తేడా ఇక్కడ ఏర్పడుతుంది.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

ఒకటి, మధ్యయుగ అపరాధ పరిశోధక నవలలో సహచరుడు వాట్సన్‌కు వారసుడే అయినా వాట్సన్ ప్రతిరూపం కాడు. ఆ కాలంలో లేని దర్యాప్తు వ్యవస్థకు అతడు మానవరూపం.

రెండు, పరిశోధకునికి లేనిది సహచరునికి ఉండాలన్న సూత్రం హ్యూ, అడ్సో, ఎడల్ఫ్, హూంగ్ పాత్రలన్నిటికీ వర్తిస్తుంది. ఆ లేమి ఏమిటో ఆయా దేశకాలాల న్యాయం, మతం, సామాజిక నిర్మాణం నిర్ణయిస్తాయి. అందువల్ల సహచరపాత్రను అనుకరించడానికి వీలులేదు, స్థానిక ఆధారాల నుంచి నిర్మించుకోవాలి.

మూడు, తెలుగులో 'ప్రతాపరుద్రీయం' ఇందుకు పూర్వరంగం. పేరిగాని పాత్రను హాస్యపాత్రగానే కాక, అధికారపు పథకంలో పణమైన సహచరునిగా తిరిగి చదవవలసి ఉంది.

నాలుగు, శ్రీకూర్మం వంటి క్షేత్రాల శాసనాలు దాతల చరిత్రకే కాక, లెక్కలు రాసినవారు, దీపాలు వెలిగించినవారు, రాయి చెక్కినవారు అనే మరుగుపడిన వర్గాల ఊహాత్మక చరిత్రకు కూడా ఆకరాలు. ముఖలింగం, సింహాచలం శాసనాలను కూడా ఈ కోణంలో పరిశీలించే అవకాశం పరిశోధకులకు ఉంది. రాజు చెక్కించిన మాటను రాతిమీద పెట్టిన చేయి ఎవరిదన్న ప్రశ్న చరిత్రకారునికి తరచుగా సమాధానం దొరకనిది. నవలాకారునికి మాత్రం అదే కథకు ఆరంభం కాగలదు.